జున్నులో దూడ వాటా: కొల్లేరు పరిసరాలలో ముర్రుపాల వినియోగంపై ఒక పరిశీలన

పాడిపరిశ్రమ పాఠాలలో చీజ్ అనే మాట వచ్చినచోటల్లా మనం జున్ను అని తెలుగు చేస్తున్నాం. నిఘంటువులు కూడా ఆ అర్థాన్నే ఇస్తున్నాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థికి ఈ అనువాదం మొదట్లోనే చిక్కు తెచ్చిపెడుతుంది. అతడు ఎరిగిన జున్ను వేరు. గేదె ఈనిన తరువాత వచ్చే చిక్కటి పసుపుపచ్చని పాలలో మామూలు పాలు, బెల్లం, మిరియాల పొడి, ఏలకులు కలిపి, గిన్నెను నీళ్ళున్న మరో పాత్రలో పెట్టి ఆవిరిపై ఉడికిస్తే ముక్కలుగా కోయదగినట్లు గడ్డకట్టేదే అతని దృష్టిలో జున్ను. అందులో తోడు లేదు, పులుపు లేదు, దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ లేదు. వేడి ఒక్కటే ఆ పనంతా చేస్తుంది.

ఇది కేవలం పదాల తగాదా కాదు. చీజ్ ఎందుకు గడ్డకడుతుంది, జున్ను ఎందుకు గడ్డకడుతుంది అనే రెండు ప్రశ్నలకు సమాధానాలు వేరు. ఆ తేడా తెలియనంతకాలం, లంక గ్రామాలలో ఈనిన గేదె పక్కన నిలబడి పశుపోషకునికి సలహా చెప్పే విస్తరణ కార్యకర్త మాటకు బలం ఉండదు. జున్నును గట్టిపరిచే పదార్థాలలో ప్రధానమైనదే దూడను బతికించేది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

పేరొకటి, గడ్డకట్టే తీరు వేరు

పాలలోని మాంసకృత్తులలో అధిక భాగం కేసిన్. చీజ్ తయారీలో రెన్నెట్ ఎంజైము కేసిన్ రేణువుల పైపొరను కత్తిరిస్తుంది. అవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డగా మారతాయి, కొవ్వు ఆ గడ్డలో చిక్కుకుపోతుంది. పనీర్‌లో నిమ్మరసం వంటి ఆమ్లం, వేడి కలిసి ఆ పని చేస్తాయి. రెండింటిలోనూ తేటనీరు బయటకు పోతుంది. పాల తేటలో ఉండే మాంసకృత్తులలో చీజ్ విషయంలో అధిక భాగం ఆ నీటితోనే వెళ్ళిపోతుంది.

జున్ను ఇందుకు పూర్తిగా భిన్నం. ముర్రుపాలలో కేసిన్ కంటే తేట మాంసకృత్తులే ప్రధానం, వాటిలోనూ ఇమ్యునోగ్లోబులిన్లు అనే ప్రతిరక్షకాలది పెద్ద వాటా. ఇవి 60 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత క్రమంగా ముడి విప్పుకుని, 70 డిగ్రీలు దాటేసరికి ఒకదానికొకటి పెనవేసుకుని వలలా ఏర్పడతాయి. నీరు, కొవ్వు, బెల్లపు తీపి అన్నీ ఆ వలలోనే నిలిచిపోతాయి. కోడిగుడ్డు తెల్లసొన ఉడికినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. అందుకే సరిగా వండిన జున్నులో తేట విడదు. మంట ఎక్కువైనా, నీటిపాత్ర లేకుండా నేరుగా పొయ్యి మీద పెట్టినా వల బిగుసుకుపోయి నీరు కక్కుతుంది, ముక్కలో గుల్లలు పడతాయి. ఈ సంగతి గృహిణులకు ఏ ప్రయోగశాలా చెప్పనక్కరలేదు.

పాల సేకరణ కేంద్రాలు ఈనిన తొలి రోజుల పాలను తిరస్కరించడానికి కారణం కూడా ఇదే. అవి కాచగానే గడ్డకడతాయి, పాశ్చరీకరణ యంత్రపు పలకలకు అంటుకుపోతాయి. భారత ఆహార భద్రతా ప్రమాణాలలో పాలకు ఇచ్చిన నిర్వచనంలోనే అందులో ముర్రుపాలు కలిసి ఉండరాదన్న షరతు ఉంది. అంటే ఆ కొద్ది రోజుల పాలకు సహకార సంఘంలో ధర లేదు. వాటికి మిగిలిన గమ్యాలు మూడు: దూడ, వంటిల్లు, జున్ను కొనే అంగడి.

మన పొరుగువారికీ ఈ వంట పరిచితమే. కన్నడిగులు దీనిని గిణ్ణు అంటారు, మరాఠీలు ఖర్వస్ అంటారు, తమిళులు ఈ పాలను సీంబాల్ అంటారు. దూరాన ఐస్‌లాండ్‌లో కూడా ముర్రుపాలను నీటిపాత్రలో పెట్టి గడ్డకట్టించి తినే సంప్రదాయం ఉంది.

ఉత్తర ధ్రువపు పోలిక

చీజ్, జున్నుల తేడాను తరగతిలో వివరించడానికి నేను రెయిన్‌డీర్ పాలను ఉదాహరణగా తీసుకుంటాను. విద్యార్థులు మొదట నవ్వుతారు. అంకెలు చూపాక నవ్వు ఆగుతుంది. నార్వే, స్వీడన్, ఫిన్లండ్, రష్యాల ఉత్తర కొసలలో నివసించే సామీ ప్రజలు పెంచే ఈ జింక పాలలో కొవ్వు 15 నుంచి 20 శాతం, మాంసకృత్తులు సుమారు 10 శాతం ఉంటాయి. పాల చక్కెర 3 శాతం అటూ ఇటూ. మన గేదె పాలలో కొవ్వు 7 శాతం ఉంటేనే చిక్కటి పాలని మురిసిపోతాం. అయితే ఆ జింక రోజుకు లీటరు పాలు ఇవ్వడం కూడా కష్టమే. ఉన్న ఆ కొద్ది పాలను రెన్నెట్‌తో విరిచి, వేళ్ళతో అల్లిన చిన్న బుట్టలలో వేసి నొక్కి, ఆరబెట్టి చలికాలానికి దాచుకునేవారు. 1732లో లాప్‌లాండ్‌లో పర్యటించిన కార్ల్ లిన్నేయస్ అక్కడి పాల వాడకాన్ని తన యాత్రా దినచర్యలో వర్ణించాడు.

మొత్తం ఘనపదార్థాలను మాత్రమే చూస్తే రెయిన్‌డీర్ పాలు మామూలు పాలకంటే ముర్రుపాలకే దగ్గర. కాని రెయిన్‌డీర్ పాల చిక్కదనం కొవ్వు, కేసిన్‌లది. ముర్రుపాల చిక్కదనంలో పెద్ద పాలు ప్రతిరక్షకాలది. కాబట్టి ఆ పాలు చీజ్ అవుతాయి, ఈ పాలు జున్ను అవుతాయి. ఈ రెండు దారులు కలిసేచోటు ఒకటుంది. ఫిన్లండ్‌లో లెయిపాయూస్తో అనే ఒక పదార్థం ఉంది. ఆ మాటకు రొట్టె చీజ్ అని అర్థం. నేడు దానిని ఆవుపాలకు రెన్నెట్ కలిపి చేసి, మంట ముందు పైభాగం మచ్చలు పడేలా కాలుస్తారు. పూర్వం దీనికి ఈనిన ఆవు తొలి పాలను వాడేవారు, రెయిన్‌డీర్ పాలతో కూడా చేసేవారు. ముక్కలను వేడి కాఫీలో వేసుకుని తినే అలవాటు అక్కడ ఉంది.

నాకు ఈ పోలికలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది పిల్ల వాటా. పాలు పితికే కాలంలో పిల్ల తల్లిని కుడవకుండా సామీలు దాని నోటికి కర్రతో చేసిన అడ్డు కట్టేవారు. మన దూడ మూతికి కట్టే చిక్కం వంటిదే అది. పాలు తక్కువ, తాగేవారు ఇద్దరు. ఇరవయ్యవ శతాబ్దంలో రెయిన్‌డీర్ పెంపకం మాంసం వైపు మళ్ళడంతో చాలాచోట్ల పాలు పితకడమే ఆగిపోయింది, పాలన్నీ పిల్లకే మిగిలాయి. మన గేదె పాడికోసమే ఉంది గనుక ఆ మార్గం మనకు లేదు. మనం పంపకం నేర్చుకోక తప్పదు.

దూడకు ఆ పాలు ఎందుకు?

మానవ శిశువు పుట్టేనాటికే తల్లి రక్తం నుంచి కొంత రోగనిరోధక శక్తిని మాయ ద్వారా పొంది ఉంటుంది. గేదె, ఆవు వంటి నెమరువేసే జంతువుల మాయ నిర్మాణం అందుకు వీలివ్వదు. దూడ దాదాపు ఏ ప్రతిరక్షకమూ లేకుండానే నేల మీద పడుతుంది. ఆ లోటును ముర్రుపాలు తీర్చాలి. పుట్టిన కొద్ది గంటలపాటు దూడ చిన్నప్రేవు ఈ పెద్ద అణువులను జీర్ణం చేయకుండా యథాతథంగా రక్తంలోకి పంపగలదు. గంట గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గి, 24 గంటలకు దాదాపు మూసుకుపోతుంది. ఆ తరువాత ఎన్ని ముర్రుపాలు పట్టినా అవి మంచి ఆహారమే గాని రక్తంలో చేరే రక్షణ కావు.

దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు తొలి రోజున అందాలని, అందులో సగం మొదటి 2 గంటలలోనే కడుపులో పడాలని మనం సిఫార్సు చేస్తున్నాం. 30 కిలోల దూడకు 3 లీటర్లు, తొలి 2 గంటలలో లీటరున్నర. ఈ అంకె చెప్పినప్పుడు పశుపోషకుల ముఖంలో అపనమ్మకం కనిపిస్తుంది. దూడ రెండు చన్నులు చీకి వదిలేసిందంటే కడుపు నిండిందని వారి లెక్క. పెయ్యదూడ విషయంలో కొంత శ్రద్ధ చూపినా దున్నదూడకు ఆ పాటి కూడా దక్కదు. అది ట్రాక్టరుతో పోటీపడి నాగలి లాగేది కాదు గదా అన్న వాదన నేను విన్నాను. కాని దూడ చనిపోతే చేపడం మానేసే గేదెలు మనకు కొత్త కాదు. దూడను నిర్లక్ష్యం చేసి మిగుల్చుకున్న పాలు ఆ ఈత మొత్తంలో పోగొట్టుకునే పాలతో సరితూగవు.

ఒక చిన్న లెక్క

జున్ను మానమని చెప్పడం వృథా. మానవలసిన అవసరమూ లేదు. మనం చెప్పదగినది ఏ పూట పాలతో వండాలన్నదే. ఇందుకు ఆవు ముర్రుపాలపై స్థిరపడిన సగటు అంకెలను తీసుకుందాం. గేదెలో కొవ్వు ఎక్కువ, ఇతర అంకెలలో హెచ్చుతగ్గులు ఉంటాయి గాని పూట పూటకూ తగ్గే తీరు అదే. మొదటి పితుకులో మొత్తం ఘనపదార్థాలు సుమారు 24 శాతం, మాంసకృత్తులు 14 శాతం, వాటిలో ఇమ్యునోగ్లోబులిన్లే 6 శాతం. రెండవ పితుకులో మాంసకృత్తులు 8.4 శాతానికి, ఇమ్యునోగ్లోబులిన్లు 4.2 శాతానికి తగ్గుతాయి. మూడవ పితుకులో ఇవి వరుసగా 5.1, 2.4 శాతం. మామూలు పాలలో మాంసకృత్తులు సుమారు 3.1 శాతం, ఇమ్యునోగ్లోబులిన్లు 0.1 శాతం లోపే.

మొదటి పితుకు పాలు ఒక లీటరుకు రెండు లీటర్ల మామూలు పాలు కలిపామనుకుందాం. మిశ్రమంలో మాంసకృత్తులు 6.7 శాతం అవుతాయి. రెండవ పితుకు పాలు ఒక లీటరుకు అర లీటరు మాత్రమే కలిపితే 6.6 శాతం వస్తాయి. మాంసకృత్తుల మేరకు రెండు జున్నులూ ఒక్కటే. ఇమ్యునోగ్లోబులిన్లను లెక్కిస్తే రెండవదానిలోనే కొంచెం ఎక్కువ: అక్కడ 2.1 శాతం, ఇక్కడ 2.8 శాతం. కాబట్టి గట్టిదనానికి లోటుండకూడదు. కోల్పోయేది పరిమాణం మాత్రమే. మూడు లీటర్లకు బదులు లీటరున్నర మిశ్రమం వస్తుంది. ఇంటిల్లిపాదికీ, చుట్టుపక్కల నాలుగిళ్ళకూ పంచడానికి అది చాలదని ఇల్లాలు అంటే ఆ మాటలో న్యాయముంది. అయినా దూడ మొదటి పూట కడుపునిండా తాగిన తరువాత పొదుగులో మిగిలినది ఎలాగూ ఉంది. దానిని రెండవ పితుకు పాలతో కలుపుకోవచ్చు. క్రమం మారకూడదు, అంతే: ముందు దూడ, ఆ తరువాత గిన్నె.

అధిక పాలిచ్చే ముర్రా సంకర గేదెల విషయంలో ఇందుకు మరో కారణమూ ఉంది. ముర్రుపాలలో కాల్షియం ఎక్కువ. ఈనిన పూటే పొదుగును పూర్తిగా పిండితే రక్తంలో కాల్షియం పడిపోయి పాలజ్వరం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు పొదుగులో కొంత మిగిల్చి పితకమనే సలహా ఇటు గేదెకు, అటు దూడకు మేలు చేస్తుంది.

మాయ, నట్టలు: రెండు నమ్మకాలు

ఈ ప్రాంతంలో పని చేసే విస్తరణ కార్యకర్తకు రెండు నమ్మకాలు తరచు ఎదురవుతాయి. మొదటిది, మాయ పడేవరకు పొదుగు ముట్టరాదన్నది. గేదెకు మాయ పడటానికి సాధారణంగా 8 నుంచి 12 గంటల వరకు పట్టవచ్చు. దూడ ప్రేవు తెరిచి ఉండే అమూల్యమైన కాలంలో సగం అలా కరిగిపోతుంది. నిజానికి దూడ చీకినప్పుడు విడుదలయ్యే ఆక్సిటోసిన్ హార్మోను పాలు చేపడానికే కాక గర్భసంచి ముడుచుకోవడానికి కూడా తోడ్పడుతుంది. మాయ పడాలంటేనే దూడను ముందుగా వదలాలని చెబితే రైతు వింటాడు. ప్రతిరక్షకాల గురించి చెప్పిన దానికంటే ఇది త్వరగా చెవికెక్కుతుందని నా అనుభవం.

రెండవ నమ్మకం మరింత జాగ్రత్తగా విడదీయవలసినది. జున్నుపాలు ఎక్కువ తాగితే దూడకు పారుడు పడుతుందని, కడుపులో పాములు పడతాయని చాలామంది అంటారు. దీనిని అజ్ఞానమని తోసిపుచ్చేవారు తొందరపడుతున్నారు. గేదె దూడలను చంపే ఏలికపాములలో ముఖ్యమైన టాక్సోకారా విటులోరమ్ డింభకాలు నిజంగానే తల్లి పాల ద్వారా దూడకు చేరతాయి. రైతు గమనించినది సత్యం, చేసిన వైద్యం తప్పు. పాలు తగ్గిస్తే పాములు తగ్గకపోగా రక్షణ పోతుంది. దూడకు 10 నుంచి 16 రోజుల వయసులో పశువైద్యుని సలహాతో పైపరజిన్ వంటి నట్టల మందు తాగిస్తే పాములు గుడ్లు పెట్టే దశకు రాకముందే నశిస్తాయి. మీరు చెప్పినది నిజమే, మందు ఫలానా రోజున వేయండి అని మొదలుపెట్టిన సంభాషణ, మీది మూఢనమ్మకమని మొదలుపెట్టిన దానికంటే ఎక్కువ దూరం వెళుతుంది.

చూలు గేదె మేత

సస్యశాస్త్రవేత్తకు ముర్రుపాలతో ఏం పని అని అడగవచ్చు. ముర్రుపాలలోని ప్రతిరక్షకాలు ఈనే ముందు చివరి కొన్ని వారాలలో తల్లి రక్తం నుంచి పొదుగులోకి చేరతాయి. ఈనడానికి 2 నెలల ముందు పాలు పితకడం ఆపాలన్న సిఫార్సుకు ఇది కూడా ఒక కారణం. ఆ 2 నెలల మేత ఎక్కడి నుంచి వస్తుందన్నది పంటల ప్రశ్న.

గేదెలు ఋతువును అనుసరించి ఎదకు వచ్చే పశువులు. మన దేశంలో అధిక శాతం ఈతలు జూలై నుంచి డిసెంబరు మధ్య జరుగుతాయి. అంటే చూలు నిండే నెలలు వేసవి చివర, తొలకరి. డెల్టాలో అప్పుడు పచ్చిమేత అతి తక్కువ. తొలకరి దాటగానే పొలాలన్నీ సార్వా నీటిలో ఉంటాయి, గట్లు తప్ప మేపడానికి చోటు ఉండదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ లోతట్టున ఉన్న కొల్లేరు ఈ లోటును పూర్వం కొంత తీర్చేది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదనీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయాక, వేసవిలో నీరు వెనక్కు తగ్గినచోట గడ్డి మొలిచేది, లంక గ్రామాల మందలు ఆ గడ్డిపై బతికేవి. తరువాత సరస్సు గర్భంలో చేపల చెరువులు వ్యాపించాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అభయారణ్యంలోని చెరువు గట్లను పెద్ద ఎత్తున కొట్టివేశారు. ఈ చర్చలన్నిటిలో పక్షుల ప్రస్తావన వచ్చింది, చేపల ప్రస్తావన వచ్చింది. మందల మేత ప్రస్తావన అంతగా రాలేదు.

చేపల చెరువుల ప్రభావం నేల మీద మాత్రమే కాదు, దాణా మీద కూడా పడింది. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క చేపలకు ప్రధాన ఆహారాలు. ఇవే గేదె దాణాలోనూ ముఖ్యమైనవి. లారీల కొద్దీ కొనే చెరువు యజమానితో రెండు గేదెలున్న కుటుంబం ధరలో పోటీపడలేదు. వట్టిపోయిన గేదెకు ఆ రెండు నెలలూ ఎండు వరిగడ్డే దిక్కు అవుతున్నది. మాంసకృత్తులు అత్యల్పంగా ఉండే వరిగడ్డితో చూలు నింపుకున్న గేదె బక్కచిక్కి ఈనుతుంది, ముర్రుపాలు తక్కువ ఇస్తుంది, దూడ బలహీనంగా పుట్టి లేచి నిలబడి చీకడానికే ఆలస్యం చేస్తుంది.

పరిష్కారం పాతదే. సార్వా వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో తడి ఉండగానే పిల్లిపెసర లేదా జనుము చల్లే పద్ధతి డెల్టా రైతుకు తాతలనాటిది. ఈ పప్పుజాతి మేతలను పూతదశలో కోసి నీడపట్టున ఆరబెట్టి దాచితే మే, జూన్ నెలల్లో వరిగడ్డితో కలిపి వేయడానికి మాంసకృత్తులున్న ఎండుమేత సిద్ధంగా ఉంటుంది. దీనికి అడ్డంకులు రెండు. దాళ్వా వరి వేసేచోట ఆ ఖాళీ సమయం లేదు. వరికోత యంత్రం తిరిగే పొలంలో ముందుగా చల్లిన విత్తనం చక్రాల కింద నలిగి మొలక చెడుతుంది. మొదటి అడ్డంకిని తొలగించడం రైతు చేతిలో లేదు. రెండవదానికి, మేతకు సరిపడా పది పదిహేను సెంట్ల మడిని మాత్రం చేత్తో కోసి, అందులో పిల్లిపెసర చల్లుకోవచ్చు. చేపల చెరువు గట్లపై పారాగడ్డి, హైబ్రిడ్ నేపియర్ పెంచుకోవడానికి చెరువు యజమానులు అభ్యంతరం చెప్పనిచోట అదీ మంచి వనరే. తాడేపల్లిగూడానికి ఉత్తరాన మెట్ట మొదలవుతుంది. అక్కడ సాగయ్యే మొక్కజొన్న చొప్పను నరికి పాతర వేస్తే డెల్టా వేసవికి పనికొస్తుంది. ఈ రెండు మండలాల రైతులను కలపడం విస్తరణ విభాగం చేయదగిన పని.

వానలకు ముందు గేదెకు వేయించే గొంతువాపు టీకాను కూడా ఈ సందర్భంలోనే గుర్తుచేయాలి. తల్లి రక్తంలో తయారైన రక్షణ ముర్రుపాల ద్వారా దూడకూ చేరుతుంది. ఆ ముర్రుపాలు జున్నుగిన్నెలోకి పోతే టీకా ఫలితంలో దూడ వాటా ఆవిరిలో పోయినట్లే.

అంగడి జున్ను

పట్టణాలలో జున్నుకు గిరాకీ ఏడాది పొడవునా ఉంటుంది, ఈతలు మాత్రం ఋతువును బట్టి వస్తాయి. ఈ వ్యత్యాసమే అనుకరణలకు తావిచ్చింది. మామూలు పాలలో పాలపొడి, కోడిగుడ్డు, లేదా చైనా గ్రాస్ అని పిలిచే అగర్ కలిపి గట్టిపరచి జున్ను పేరుతో అమ్ముతున్నారు. అవి హానికరమని కాదు. పేరు వేరుగా ఉండాలి. గుర్తించడం కష్టం కాదు. అగర్‌తో గడ్డకట్టినది బాగా వేడిచేస్తే కరిగి ద్రవమై, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. అసలు జున్నును ఎంత వేడిచేసినా కరగదు, ఇంకా బిగుసుకుంటుంది. కోడిగుడ్డుతో చేసినదీ కరగదు గనుక దానిని వాసనను బట్టే పోల్చుకోవాలి.

అసలు జున్నుపాలకు మామూలు పాలను మించిన ధర వస్తున్నంతకాలం దూడ వాటాకు ఎసరు తప్పదు. మహిళా సంఘాలకు జున్ను తయారీలో శిక్షణ ఇచ్చేటప్పుడు పాల సేకరణను రెండవ పితుకు నుంచి మొదలుపెట్టే నియమాన్ని శిక్షణలోనే చేర్చడం ఉత్తమం. ఉడికించడం వల్ల క్రిములు చాలావరకు నశిస్తాయి గాని పొదుగువాపు ఉన్న గేదె పాలను వాడరాదు. తయారైన జున్ను బయట ఒక్క రోజుకు మించి నిలవదు.

మిగులు ముర్రుపాలను సీసాలలో గడ్డకట్టించి నిల్వచేస్తే, తల్లి చనిపోయిన దూడకో, పాలు చేపని తొలిచూలు గేదె దూడకో ప్రాణాధారమవుతాయి. ఆ సీసాను కరిగించేటప్పుడు గోరువెచ్చని నీటినే వాడాలి, 50 డిగ్రీలు దాటనీయకూడదు. మరిగే నీటిలో పెడితే సీసాలోనే జున్ను తయారవుతుంది.

విద్యార్థులు చేపట్టదగిన పని

ఇళ్ళలో ఒక పరీక్ష ఉంది. జున్ను వండే ముందు కలిపిన పాలను గరిటెలో కొద్దిగా తీసుకుని నిప్పు మీద చూపుతారు. గట్టిగా రబ్బరులా బిగుసుకుంటే ఇంకా పాలు కలుపుతారు, వదులుగా ఉంటే ఆపుతారు. మరే పాలూ కలపకముందే గడ్డ సరిగా కట్టకపోతే జున్ను పోయిందంటారు. గడ్డకట్టే తీరు తేట మాంసకృత్తుల గాఢతను బట్టి ఉంటుంది గనుక, ఈ గరిటె పరీక్ష పరోక్షంగా ప్రతిరక్షకాలను కూడా అంచనా వేస్తున్నదని భావించవచ్చు. చెరకు రసంలో తీపిని కొలవడానికి మనం పొలంలో వాడే చేతి రిఫ్రాక్టోమీటరుతోనే ముర్రుపాల నాణ్యతను అంచనా వేయవచ్చు. ఆవు ముర్రుపాలలో 22 బ్రిక్స్, ఆపైన వస్తే మంచి నాణ్యతగా లెక్కిస్తారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం ఒక స్నాతకోత్తర విద్యార్థికి తగిన అంశం. కైకలూరు, మండవల్లి, భీమడోలు వంటి మండలాలలో ఈనిన గేదెల నుంచి మొదటి పితుకు మొదలు ఆరవ పితుకు వరకు నమూనాలు తీసుకోవాలి. ప్రతి నమూనాకు బ్రిక్స్ విలువ, ఎన్ని వంతుల మామూలు పాలు కలిపినా గరిటెలో గడ్డకడుతున్నదన్న సంఖ్య, రెండూ నమోదు చేయాలి. చూలు చివరి 2 నెలలలో గేదె ఏం తిన్నదో, ఈనిన ఎన్ని నిమిషాలకు దూడ మొదట చీకిందో తల్లినే అడిగినంత వివరంగా ఇంటివారి నుంచి రాసుకోవాలి. వీలైతే 24 నుంచి 48 గంటల వయసులో దూడ రక్తపు సీరమ్‌లో మొత్తం మాంసకృత్తులను అదే రిఫ్రాక్టోమీటరు తరగతికి చెందిన సీరమ్ పరికరంతో చూడాలి. గరిటె అంకెకూ బ్రిక్స్ అంకెకూ పొత్తు కుదిరితే, పరికరం లేని లంక గ్రామంలో ఏ గేదె పాలను నిల్వకు తీసుకోవాలో, ఏ గేదె దూడకు మరొక గేదె పాలు అదనంగా పట్టించాలో ఇల్లాలి గరిటే చెబుతుంది. పరీక్షకు వాడే పాలు ఒక్కో గేదెకు నూరు మిల్లీలీటర్లకు మించకూడదు. అవి కూడా దూడ తాగిన తరువాతనే తీయాలి.